చికిత్సలో రోగి పాలు



పెన్నకు ఉత్తరమున అల్లూరు, విడవలూరు మొదలుకొని దక్షిణమున ముత్తుకూరు, కోట, వాకాడు పర్యంతము గల తీరపు పల్లెలయందు, వరిమళ్ళలోను, రొయ్యల చెరువుల గట్లమీదను, ఉప్పు కొఠారులలోను, పడవలపైనను శ్రమించి జీవించుచున్న సోదర సోదరీమణులకు ఈ పూట నాలుగు మాటలు మనవి చేయ సంకల్పించితిని. మన ఊరికి చేరువలో ఉన్న వైద్యశాలను మనమెట్లు వినియోగించుకొనవలెను, అచ్చటి డాక్టరుగారి ఎదుట కూర్చుండినప్పుడు మన కర్తవ్యమేమి, ఆయన ఇచ్చిన మందు ఇంటికి తెచ్చుకొనిన పిమ్మట మనము నడచుకొనవలసిన తీరేమి అనునదియే నేటి ప్రస్తావము.

చరకసంహిత చికిత్సకు నాలుగు పాదములు చెప్పినది. వైద్యుడొకటి, ఔషధమొకటి, పరిచారకుడొకటి, నాలుగవది రోగి. ఒక్కొక్క పాదమునకు నాలుగేసి గుణములు ఉండవలెనని విధించుచు, రోగికి కావలసిన గుణములుగా జ్ఞాపకశక్తిని, చెప్పినట్లు నడచుకొను స్వభావమును, ధైర్యమును, తన బాధను వివరింపగల నేర్పును పేర్కొన్నది. వైద్యుడు సమర్థుడు కావలెనని, మందు మంచిది కావలెనని, నర్సమ్మ దయగలది కావలెనని మనము కోరుచున్నాము, కోరుట న్యాయమే. కాని నాలుగవ పాదము మనమే యని, అది కుంటుపడినచో తక్కిన మూడును ఎంత బలముగా నిలిచినను చికిత్స నిలువదని మరచిపోవుచున్నాము. కావున ఆ నాలుగు గుణములను ఆధారముగా గొని, చివరిదానిని ముందుంచి, నేటి మాటలు నడపెదను.

అంతకుముందు మనకున్న వసతి యేమో చూతము. 1943లో సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘము 1946లో సమర్పించిన నివేదికలో, సొమ్ము చెల్లింపలేని కారణమున ఏ పౌరునికిని వైద్యము అందకపోరాదని చాటినది. పల్లెటూళ్ళకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రములు కావలెనని సూచించినది. 1952లో సామాజిక వికాస పథకముతో అవి రూపు దాల్చసాగినవి. మైదాన ప్రాంతములలో 30,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రము, 5,000 మందికి ఒక ఉపకేంద్రము ఉండవలెనని నేటి ప్రమాణము. మనము పి.హెచ్.సి. అని పిలుచుకొను ఈ చిన్న భవనమునకు పైన పెద్దాసుపత్రులు కలవు. నెల్లూరు నగరమున దొడ్ల సుబ్బారెడ్డిగారి పేర వెలసిన ప్రభుత్వ ఆసుపత్రియు, దానికి తోడుగా 2014లో ఏర్పడిన ఆనం చెంచు సుబ్బారెడ్డి ప్రభుత్వ వైద్య కళాశాలయు మనకు అందుబాటులోనే ఉన్నవి. 2005 నుండి 108 వాహనము పిలిచినంతనే ఇంటి ముంగిటకు వచ్చుచున్నది. 2007లో ఆరోగ్యశ్రీ యను పేర మొదలై నేడు ఎన్టీఆర్ వైద్యసేవ యను పేర నడచుచున్న పథకము పేదలకు శస్త్రచికిత్సల వ్యయభారమును తప్పించుచున్నది.

ప్రభుత్వమే కాదు, ఈ గడ్డపై ప్రజావైద్యమునకు వేరొక సంప్రదాయము కూడ కలదు. విడవలూరు సమీపమున అలగానిపాడులో జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్యగారిని ఎరుగని తెలుగువారుండరు. ఆయన తమ్ముడు డాక్టరు పుచ్చలపల్లి రామచంద్రారెడ్డిగారు నెల్లూరిలో ప్రజావైద్యశాలను నెలకొల్పి, స్వల్పమైన రుసుముతో పేదలకు వైద్యము చేయుటయే గాక, పల్లెల నుండి వచ్చిన యువకులకు ప్రథమ చికిత్సయు, సామాన్య రోగముల గుర్తింపును, ఏ రోగిని ఎప్పుడు పెద్దాసుపత్రికి పంపవలెనను వివేకమును నేర్పి తిరిగి పల్లెలకే పంపిరి. వైద్యవిద్య కొద్దిమంది సొత్తుగా ఉన్న రోజులలో దానిని పల్లె గడపకు చేర్చవలెనను ఆ సంకల్పము మహత్తరమైనది. అటువంటి మహనీయులు నిర్మించి ఇచ్చిన దానిని సద్వినియోగము చేసికొనుట ఇక మన పాలు.

మొదటి గుణము బాధను వివరించు నేర్పు. దీని విలువ తెలియుటకు మన జిల్లా చరిత్రలోని ఒక ఘట్టము చాలును. నాడు నెల్లూరు జిల్లాలో ఉండి తరువాత ప్రకాశం జిల్లాలో చేరిన దర్శి, పొదిలి ప్రాంతముల పల్లెలలో కొందరికి పండ్లపై గారలు పట్టుచుండెను, నడివయసు రాకమునుపే వెన్ను కర్రవలె బిగిసిపోవుచుండెను, మెడ తిరుగకుండెను. ఎద్దులు సైతము కీళ్ళు పట్టుకొని నడువలేకపోవుటను రైతులే ముందుగా గమనించిరని చెప్పుదురు. ఆ బాధలను శ్రద్ధగా విని, పరీక్షించి, 1937లో షార్టు అను వైద్య శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును ప్రకటించిన వ్యాసముతో, త్రాగునీటిలోని ఫ్లోరైడు వలన కలుగు వ్యాధి మన దేశమున మనుష్యులలో ఉన్నదని లోకమునకు తెలిసినది. నేడు త్రాగునీటిలో లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపల ఫ్లోరైడు ఉండవలెనని, వేరు ఆధారము లేనిచోట కూడ ఒకటిన్నర మిల్లీగ్రాము మించరాదని ఉన్న నియమమునకు వెనుక ఇట్టి రోగుల బాధలెన్నియో కలవు.

ఇందలి పాఠమేమనగా, రోగి చెప్పిన మాటయే వైద్యునికి మొదటి పరీక్ష. మనము డాక్టరుగారి వద్దకు పోయి, “ఒళ్ళంతా నొప్పులండీ, నీరసమండీ” అని ఊరకుందుము. ఆ రెండు ముక్కలు నూరు రోగములకు సరిపోవును. “మూడు నెలలుగా వంగి నేలమీది చెంబు అందుకోలేకపోతున్నానండీ” అని చెప్పినచో వైద్యుని దృష్టి తిన్నగా వెన్నెముక మీదికి పోవును. “మెట్లెక్కేటప్పుడు గుండెల మీద బండ పెట్టినట్టుంటుంది, నిలబడితే తగ్గుతుంది” అని చెప్పినచో ఆయన వెంటనే గుండెను గూర్చి ఆలోచించును. బాధ యెప్పుడు మొదలైనది, ఎచ్చట ఉన్నది, ఎచ్చటికి ప్రాకుచున్నది, దేనివలన హెచ్చుచున్నది, దేనివలన తగ్గుచున్నది, జ్వరమైనచో ఏ వేళకు వచ్చుచున్నది, ఈ ప్రశ్నలకు సమాధానములు ఇంటివద్దనే తలచుకొని పోవుడు. సారాయి, పొగాకు అలవాటున్నచో దాచకుడు. పసరు మందు వాడినను, పక్క ఊరిలో సూది వేయించుకొనినను చెప్పుడు. స్త్రీలు తమ బాధలను మగవైద్యునికి చెప్ప సంకోచించుట సహజము. ఆ సంకోచమును గుర్తించియే అమెరికన్ బాప్టిస్టు మిషన్ వారు నెల్లూరిలో స్త్రీలకును శిశువులకును ప్రత్యేకముగా ఆసుపత్రిని నడపిరి. అమ్మలారా, మీ ఊరి ఏ.ఎన్.ఎం.తోనో, ఆశా కార్యకర్తతోనో ముందుగా చెప్పుకొనుడు. ఆమెను తోడు తీసికొని లేడీ డాక్టరు వద్దకు పోవుడు. సిగ్గుపడి దాచిన గడ్డ సంవత్సరములో ప్రాణాంతకము కావచ్చును.

రెండవ గుణము జ్ఞాపకము. చాల సందర్భములలో పెద్దవారు కొంగున ముడివేసిన మాత్రలు విప్పి బల్లమీద పోయుదురు. తెల్లనివి, గులాబి రంగువి, సగము విరిగినవి. ఏది రక్తపోటునకో, ఏది మధుమేహమునకో, ఏది కొడుకు నెల్లూరి నుండి తెచ్చిన నొప్పి బిళ్ళయో ఎవ్వరికి తెలియును? మాత్రను దాని అట్ట నుండి తీసిన పిమ్మట పేరు చెప్పునది లేదు. కావున మందుల అట్టలను అట్లే ఉంచుకొనుడు. మందుల దుకాణమున నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చునప్పుడు, పేరును, గడువు తేదీయు అచ్చయిన కొన మీ ముక్కపై లేనిచో ఆ వివరములు కాగితముపై వ్రాసి ఇమ్మని అడుగుడు. పాత చీటీలు, రక్తపరీక్షల కాగితములు, ఎక్సరేలు, ఆసుపత్రి నుండి ఇంటికి పంపునప్పుడిచ్చిన సారాంశ పత్రము, ఇవన్నియు ఒక్క సంచిలో వేసి, ఆ సంచిని ఇంటిలో అందరికి తెలిసిన చోట తగిలింపుడు. ఏ మందు పడక ఒళ్ళు దద్దుర్లెక్కెనో, ఏ సంవత్సరమున ఏ ఆపరేషను జరిగెనో ఒక కాగితముపై పెద్ద అక్షరములతో వ్రాసి ఆ సంచిలోనే ఉంచుడు. అర్ధరాత్రి 108 వచ్చినప్పుడు ఆ సంచియే మీ తరఫున మాటలాడును. రేషను కార్డు, ఆధారు కార్డు ప్రతులు కూడ అందే ఉన్నచో వైద్యసేవ పథకమునకు పరుగులు తప్పును.

మూడవ గుణము చెప్పినట్లు నడచుకొనుట. ఇందు మనము మిక్కిలి వెనుకబడి ఉన్నాము. క్షయరోగమునే తీసికొందము. రెండు వారములు మించిన దగ్గు ఉన్నచో కఫపరీక్ష చేయించుకొనవలెను. రోగము తేలినచో సామాన్యముగా ఆరు నెలలు మందు మ్రింగవలెను. పరీక్షయు మందును ప్రభుత్వ కేంద్రములలో ఉచితమే. కాని రెండు నెలలు గడచుసరికి దగ్గు తగ్గును, ఆకలి పుట్టును, ఒళ్ళు కుదుటబడును. అంతట రోగి మందు మానివేయును. లోపల మిగిలిన సూక్ష్మజీవులు ఆ మందునకు లొంగని మొండివై మరల తలయెత్తును. ఇంటిలోని బిడ్డలకు కూడ ఆ మొండి రోగమే అంటును. రక్తపోటు విషయమును ఇట్టిదే. 120కి 80 చక్కని కొలత. పలుమార్లు కొలిచినను 140కి 90గాని అంతకు మించిగాని ఉన్నచో దానిని రక్తపోటు రోగముగా భావింతురు. అది నొప్పి పుట్టింపదు గనుక, బి.పి. దిగినదని తెలిసిన నాడే మాత్ర మానివేయువారు అనేకులు. అది దిగినది మాత్ర వలననే కదా! మానిన కొన్నాళ్ళకు పక్షవాతముతో మంచము పట్టిన కుటుంబ పెద్దలను మన పల్లెలలో ప్రతి వీధియందును చూచుచున్నాము.

ఇచ్చట మన తీరవాసులకు ఒక ప్రత్యేకమైన హెచ్చరిక అవసరము. మనది ఉప్పు పండించు సీమ. ఎండు నెత్తళ్ళు, ఎండు రొయ్యలు, ఉప్పుచేప, ఆవకాయ మన కంచములో నిత్యము ఉండునవి. పెద్దవారికి రోజుకు మొత్తము ఉప్పు 5 గ్రాముల లోపల, అనగా ఒక చిన్న చెంచాకు మించకుండ ఉండవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రక్తపోటు ఉన్నవారు ఎండుచేపను నిత్యాహారముగా గాక ఎప్పుడో ఒకనాడు నీళ్ళలో నానబెట్టి కడిగి, కొద్దిగా తినవలెను; పచ్చిచేపకు దోషము లేదు. మజ్జిగలోను అన్నములోను వేరుగా ఉప్పు కలుపుకొను అలవాటు మానవలెను.

మందు మ్రింగుట యందు అశ్రద్ధ చూపు మనమే, అవసరము లేని సూదికొరకు పట్టుపట్టుదుము. “సూది వేయని డాక్టరు డాక్టరేనా” అందురు. “ఒక సెలైను ఎక్కించండి, బలం వస్తుంది” అందురు. ఆ బలమెంతయో లెక్క చూడుడు. వైద్యశాలలలో వాడు అర లీటరు గ్లూకోజు సీసాలో ఉండునది సాధారణముగా 25 గ్రాముల చక్కెర. ఒక గిన్నెడు గంజియందును రెండు అరటిపండ్లయందును అంతకు మించిన పోషణ కలదు. నోటితో త్రాగలేనివానికి, వాంతులతో విరేచనములతో ఎండిపోయినవానికి, ఆపరేషను జరిగినవానికి ఆ సీసా ప్రాణదాత. నడచి వచ్చి నడచిపోవు వానికి అది డబ్బు ఖర్చు, నరమునకు పోటు. డాక్టరుగారు సూది అక్కరలేదన్నప్పుడు ఆయన మీకు మేలు చేయుచున్నాడని గ్రహింపుడు. జలుబునకు యాంటీబయాటిక్ అడుగకుడు. ఇచ్చినచో మధ్యలో మానకుడు. ఒకరికి మిగిలినది మరియొకరు మ్రింగకుడు.

నాలుగవ గుణము ధైర్యము. భయము రెండు విధములుగా చెరుపు చేయును. ఒకటి, ఏమి బయటపడునో యని పరీక్షకు వెనుదీయుట. జాలరి వలను గట్టుమీద బాగుచేసికొనును గాని నడిసముద్రములో కాదు; శరీరమును కూడ బాగున్ననాడే చూపించుకొనవలెను. ముప్పది యేండ్లు దాటిన ప్రతివారును సంవత్సరమునకు ఒకమారు రక్తపోటు, చక్కెర చూపించుకొనుడు. పరగడుపున 126, ఆపైన చక్కెర ఉన్నచో మరల పరీక్షించి మధుమేహమును నిర్ధారింతురు. రెండవది, ఆపద వచ్చినప్పుడు గాభరాపడి చేయరాని పనులు చేయుట. కోతల వేళ, నీరు కట్టు వేళ, గట్లవెంట పాముకాటు మనకు క్రొత్త గాదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషమునకు విరుగుడైన మందు ఒక్కటే సూదిగా దొరకును. కాటు వేసిన చోట కోయకుడు, నోటితో పీల్చకుడు, రక్తము ఆడకుండ త్రాటితో బిగించి కట్టకుడు. కరచిన కాలినిగాని చేతినిగాని బద్ద ఆసరాతో కదలకుండ ఉంచి, రోగిని నడిపింపక, వెంటనే ఆసుపత్రికి చేర్చుడు. నేలపై పండుకొనినవానికి కట్లపాము కరచిన సంగతే తెలియకపోవచ్చును. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెప్పలు వాలిపోవుచున్నచో, గాటు కనిపింపలేదని ఊరకుండరాదు.

మంత్రముల వద్దను పసరుల వద్దను గడచిపోవు ప్రతి గడియయు విషమునకు అనుకూలమే. ఇట్లనుట నాటువైద్యుల తెలివిని కించపరచుటకు కాదు. మన తీరమందలి యానాదులకు అడవి వేళ్ళను, మూలికలను గూర్చి తరతరాల ఎరుక కలదు. వారి జీవితమును గూర్చి వెన్నెలకంటి రాఘవయ్యగారు 1962లో గ్రంథమే ప్రకటించిరి. అట్టి యానాది సోదరులు వైద్యశాలకు వచ్చి, వరుసలో వెనుక నిలిచి, పిలుపు లేక తిరిగిపోవుట మనకు సిగ్గుచేటు. వారి పేటకు పోయి పిలుచుకొని వచ్చి ముందు కూర్చుండబెట్టుట చదువుకొనిన ప్రతివాని విధి.

ఇక వానకాలపు మాట. మన తీరమునకు ముఖ్యమైన వర్షము ఆశ్వయుజ కార్తీకములలో ఈశాన్య ఋతుపవనము వలన కురియును, తుపానులును అప్పుడే. నీరు కలుషితమగును, బిడ్డలకు విరేచనములు పట్టును. పి.హెచ్.సి.లోను ఆశా కార్యకర్త వద్దను దొరకు ఓ.ఆర్.ఎస్. పొట్లము మొత్తము ఒక్కమారే ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొద్దికొద్దిగా పట్టింపుడు. 24 గంటలు దాటినచో మిగిలినది పారబోసి క్రొత్తది కలుపుడు. సగము పొట్లము సగము గ్లాసులో కలుపుట ప్రమాదము. తోడుగా ఇచ్చు జింకు మాత్ర, విరేచనములు కట్టినను, 14 రోజులు వేయవలెను. తల్లిపాలు మానరాదు. బిడ్డ కళ్ళు లోతుకు పోయి, మూత్రము నిలిచి, మగతగా ఉన్నచో క్షణము జాగు చేయక ఆసుపత్రికి చేరవలెను. జ్వరమునకు డాక్టరు చూచువరకు తగిన మోతాదులో పారాసిటమాల్ తప్ప వేరు నొప్పిమందు వేయకుడు. అది డెంగ్యూ అయినచో ఇతర నొప్పిమందుల వలన రక్తస్రావము కలుగవచ్చును. 108కి పిలిచినప్పుడు ఊరిపేరుతో పాటు గుడియో, బడియో, నీళ్ళ ట్యాంకో ఒక గుర్తు చెప్పుడు. ఒక మనిషిని రోడ్డుమీద నిలుపుడు.

రోగి ధర్మములు చెప్పి వైద్యుని ధర్మములు చెప్పకుండుట న్యాయము కాదు. రోగి మాటను త్రుంచక వినుట, రోగము పేరును మందు వాడు తీరును తెలుగులో విప్పి చెప్పుట, అడిగిన ప్రశ్నకు విసుగుకొనకుండుట, తన చేతిలో లేనిదానిని వెంటనే పైయాసుపత్రికి పంపుట వైద్యులమని పిలిపించుకొను ప్రతివారి విధి. “ఈ మాత్ర దేనికండీ, ఎన్నాళ్ళు వాడాలి, మళ్ళీ ఎప్పుడు రావాలి” అను మూడు ప్రశ్నలు అడుగు హక్కు ప్రతి రోగికిని కలదు. సమాధానము అర్థము కాకున్నచో మరల అడుగుడు. వైద్యశాలలో డాక్టరు లేకున్నను, మందు లేకున్నను, పంచాయతీ పెద్దలతో కలిసి పైయధికారులకు వ్రాతమూలకముగా తెలుపుడు. నిందించి ఊరకుండినందున ఏ వైద్యశాలయు బాగుపడదు.

శ్రోతలారా! ఈ వారములోనే, ఇంటిలో ఎవ్వరికిని ఏ జబ్బును లేకున్నను, ఒక పూట తీరిక చేసికొని మీ సమీపపు ఆరోగ్య కేంద్రమునకు పోవుడు. అచ్చటి డాక్టరుగారిని, నర్సమ్మను పరిచయము చేసికొనుడు. ఓ.పి. ఏ వేళల చూతురో, గర్భిణులకు, బిడ్డల టీకాలకు ఏ దినము కేటాయించిరో, పాముకాటు మందు అచ్చటనే ఉన్నదో, లేనిచో ఎచ్చటికి పోవలెనో అడిగి తెలిసికొని గోడమీద వ్రాసికొనుడు. ఇంటి పెద్దలకు రక్తపోటు చూపింపుడు. పాత కాగితములన్నియు ఏరి ఒక్క సంచిలో వేయుడు. ఇందు దేనికిని డబ్బు అక్కరలేదు, శ్రద్ధ కావలెను. వైద్యుడును, మందును, పరిచారకులును సిద్ధముగా ఉన్నచోట నాలుగవ పాదమును మీరు నిలబెట్టుడని చేతులెత్తి ప్రార్థించుచు సెలవు తీసికొనుచున్నాను.